రబ్బరు సమ్మిశ్రాల్లో పూరకాల పాత్ర: ఊకబూడిద నుంచి దూదిపోగు దాకా

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో రబ్బరు చెట్టు పెరగకపోయినా, అక్కడి పంట చేను దాటి అంగడికి చేరేలోపు అడుగడుగునా రబ్బరుతో పని పడుతుంది. తెనాలి, పొన్నూరు, బాపట్ల రైసుమిల్లుల్లో వడ్ల మీది ఊకను ఊడదీసేవి రబ్బరు రోలర్లు. గుంటూరు, చిలకలూరిపేట, పర్చూరు చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల్లో మోటారు నుంచి యంత్రానికి తిరుగుడు అందించేవి రబ్బరు బెల్టులు. మిరప చేలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ గొట్టాలు, మిరప టిక్కీలను యార్డుకు మోసే ట్రాక్టర్ ట్రాలీల టైర్లు కూడా రబ్బరువే. వీటిలో ఏదీ రబ్బరు ఒక్కదానితో తయారైనది కాదు. రెండు మూడు జాతుల రబ్బర్లను కలిపి చేసిన ముద్దను రబ్బరు మిశ్రమం అనీ, ఆ ముద్దలో పొడినో పోగునో కూర్చి గంధకంతో ఉడికించిన దాన్ని సమ్మిశ్ర పదార్థం అనీ అంటారు. అలా కూర్చిన పొడి లేదా పోగే పూరకం. పూరకం అనగానే ఖరీదైన రబ్బరు ఖర్చు తగ్గించడానికి కలిపే చవక పదార్థమన్న అభిప్రాయం వర్క్‌షాపుల్లో ఇప్పటికీ బలంగా ఉంది. నూరేళ్లకు పైబడిన పరిశోధన చెబుతున్నది వేరు. వస్తువు బలం, అరుగుదల, వేడెక్కే తీరు, ఆయువు పూరకం మీద ఆధారపడి ఉంటాయి. అయితే ఎంత పూరకం వేశారన్న దానికంటే ఆ పూరకపు రేణువు ఉపరితలం ఎలాంటిది, మిశ్రమంలో అది ఏ రబ్బరులోకి వెళ్లి కూర్చుంది అన్న రెండు ప్రశ్నలే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఈ మైదానంలో గుట్టలుగా పేరుకుంటున్న ఊకబూడిద, పొట్టి దూది, రాతిపొడి వంటి వాటికి రబ్బరు పరిశ్రమలో ఎంత చోటుందో తేల్చవలసింది కూడా ఈ రెండు ప్రశ్నలతోనే.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును ఉడికించి గట్టిపరిచే వల్కనీకరణ పద్ధతిని కనుగొన్న తరువాత చాలాకాలం పూరకంగా జింక్ ఆక్సైడ్, సుద్ద, బంకమన్ను వాడేవారు. తొలినాటి మోటారు టైర్లు తెల్లగా ఉండటానికి కారణం అదే. 1904లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌టౌన్ కర్మాగారంలో ఎస్.సి. మోట్ కార్బన్ బ్లాక్, అంటే నూనెనో వాయువునో సరిగా గాలి అందకుండా మండించగా వచ్చే అతి సన్నని నల్లపొడి, రబ్బరు బలాన్ని ఊహించనంతగా పెంచుతుందని గమనించాడు. తరువాతి దశాబ్దంలో అమెరికా టైరు కంపెనీలు దాన్ని పెద్దయెత్తున చేపట్టాయి. అప్పటినుంచి టైరు నల్లబడింది, దాని ఆయువు అనేక రెట్లు పెరిగింది. పూరకాన్ని కేవలం నింపుడు పొడిగా చూసే కాలం అక్కడితో ముగిసి, బలమిచ్చే పూరకం, బలమివ్వని పూరకం అన్న విభజన మొదలైంది.

ఆ విభజనకు మూలం రేణువు పరిమాణం. రబ్బరు పరిశ్రమలో పూరకాన్ని వంద పాళ్ల రబ్బరుకు ఇన్ని పాళ్లని తూకంలో లెక్కిస్తారు. కానీ రబ్బరు అణువు చూసేది తూకాన్ని కాదు, తనకు తగిలే ఉపరితలాన్ని. టైరు తొక్కుడు భాగంలో విరివిగా వాడే ఎన్-330 రకం కార్బన్ బ్లాక్‌లో ప్రాథమిక రేణువు సుమారు 30 నానోమీటర్లు, గ్రాము పొడి ఉపరితలం సుమారు 80 చదరపు మీటర్లు. పది మైక్రాన్ల మేరకు మర పట్టిన సున్నపురాయి పొడిలో గ్రాముకు పావు చదరపు మీటరైనా ఉండదు. ఒకే తూకం వేసినా మొదటిదానికి రెండోదానికంటే మూడు వందల రెట్లకు పైగా రబ్బరు అంటుకునే వీలుంది. ఉపరితలం తరువాత చూడవలసింది నిర్మాణం: కార్బన్ బ్లాక్ రేణువులు విడివిడిగా ఉండక గొలుసులుగా, గుత్తులుగా ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి, ఆ గుత్తుల సందుల్లో చిక్కుకున్న రబ్బరు తానూ పూరకంలాగే కదలకుండా ఉండిపోతుంది. మూడోది ఉపరితలపు రసాయన స్వభావం. కార్బన్ బ్లాక్ ఉపరితలం రబ్బరు గొలుసులను నేరుగా పట్టుకుంటుంది. సిలికా ఉపరితలం మీద హైడ్రాక్సిల్ సమూహాలు ఉండటం వల్ల సిలికా రేణువులు రబ్బరు కంటే తమలో తాము కలిసి ఉండటానికీ, గాలిలోని తేమను పీల్చుకోవడానికీ మొగ్గు చూపుతాయి.

గట్టి రేణువులు మెత్తని మాధ్యమంలో తేలుతుంటే దాని జిగట ఎంత పెరుగుతుందో 1906లో ఐన్‌స్టీన్ లెక్కగట్టాడు. ఆ లెక్కను గూత్, గోల్డ్ అనే శాస్త్రజ్ఞులు 1938లో చిక్కని మిశ్రమాలకు విస్తరించారు. వంద పాళ్ల సహజ రబ్బరులో యాభై పాళ్ల కార్బన్ బ్లాక్ కలిస్తే, సాంద్రతల తేడా వల్ల ఘనపరిమాణంలో దాని వాటా సుమారు ఐదో వంతు అవుతుంది. గూత్, గోల్డ్ సూత్రం ప్రకారం అప్పుడు రబ్బరు బిగువు రెట్టింపు కావాలి. సన్నని కార్బన్ బ్లాక్‌తో వాస్తవంగా వచ్చే బిగువు దానికంటే ఎంతో ఎక్కువ. ఆ మిగులు బిగువుకు కారణాలు వెతకడంలోనే ఇరవయ్యో శతాబ్దపు రబ్బరు శాస్త్రం చాలా భాగం గడిచింది. పూరకం కలిపిన పచ్చి రబ్బరును మంచి ద్రావణిలో ఎంతసేపు నానబెట్టినా కరగకుండా పూరకాన్ని అంటిపెట్టుకుని మిగిలే పొరను బంధిత రబ్బరు అంటారు. పూరకానికీ రబ్బరుకూ పొత్తు ఎంత కుదిరిందో చెప్పే తొలి కొలత అదే. పూరకం ఉన్న రబ్బరును ఒకసారి బాగా సాగదీసి వదిలితే రెండోసారి తక్కువ బలానికే సాగుతుందన్న సంగతిని 1940ల చివర లెనార్డ్ మల్లిన్స్ వివరంగా పరిశీలించాడు. అతి చిన్న కదలికలకే పూరక రేణువుల మధ్య ఏర్పడిన వల తెగి, మళ్లీ అల్లుకుంటూ శక్తిని వేడిగా మారుస్తుందని 1960లలో ఏ.ఆర్. పేన్ చూపాడు. తిరిగే టైరు, పరుగెత్తే బెల్టు, వడ్లు ఒలిచే రోలరు వేడెక్కడానికి ప్రధాన కారణం ఈ తెగి అల్లుకునే క్రియే.

పూరకం వల్ల వచ్చే లాభం అన్ని రబ్బర్లకూ ఒకేలా ఉండదు. సహజ రబ్బరును సాగదీసినప్పుడు దాని గొలుసులు వరుసబడి స్ఫటికాలుగా మారతాయి. అందువల్ల ఏ పూరకమూ లేకుండానే దాని తన్యత బలం, అంటే తెగేదాకా లాగడానికి యూనిట్ వైశాల్యానికి కావలసిన బలం, ఇరవై మెగాపాస్కల్‌లు దాటుతుంది. టైర్లలో, చెప్పుల అట్టల్లో సహజ రబ్బరుతో కలిపే స్టైరీన్ బ్యూటడయీన్ రబ్బరుకు ఆ గుణం లేదు. పూరకం లేకుండా దాని బలం రెండు మూడు మెగాపాస్కల్‌లే. అందులో యాభై పాళ్ల మంచి కార్బన్ బ్లాక్ వేస్తే బలం దాదాపు పది రెట్లవుతుంది. మిశ్రమంలో కృత్రిమ రబ్బరు వాటా పెరిగేకొద్దీ పూరకం మీద ఆధారం పెరుగుతుందని దీని అర్థం. గట్టిదనం మాత్రం ఏ పూరకంతోనైనా పెరుగుతుంది. బలం నలభై నుంచి అరవై పాళ్ల మధ్య శిఖరానికి చేరి తరువాత తగ్గుతుంది, ఎందుకంటే ఆ మోతాదు దాటాక రేణువులను తడపడానికి రబ్బరు చాలక అవి ఉండకట్టి, ఆ ఉండలే పగుళ్లకు మొదళ్లవుతాయి. సాగే గుణం తగ్గుతుంది, నొక్కి వదిలితే పాత ఆకారానికి రాకుండా మిగిలే శాశ్వత కుంగుదల పెరుగుతుంది. అరుగుదలకు తట్టుకునే శక్తి రేణువు సన్నబడేకొద్దీ మెరుగవుతుంది. ఆ సన్నదనంతోపాటే వేడెక్కడమూ ఎక్కువవుతుంది. ఒక గుణాన్ని పెంచబోతే ఇంకొకటి తగ్గే ఈ చిక్కు ముడి రబ్బరు మేళవింపుదారుని నిత్య సమస్య.

రెండు రబ్బర్లు కలిసినప్పుడు ప్రశ్న మరింత లోతవుతుంది. కంటికి ఒకే ముద్దగా కనిపించే రబ్బరు మిశ్రమాలు సూక్ష్మదర్శినిలో చూస్తే చాలావరకు రెండు వేర్వేరు భాగాలుగానే ఉంటాయి. ఒకటి సముద్రంలా పరుచుకుంటే మరొకటి మైక్రాన్ల పరిమాణంలో ద్వీపాలుగా నిలుస్తుంది. పూరకాన్ని వేసినప్పుడు అది రెండింటిలోనూ సమానంగా చేరదు. 1970ల తొలినాళ్లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చేసిన అధ్యయనాలు కార్బన్ బ్లాక్ ఇష్టాయిష్టాలకు ఒక వరుసను తేల్చాయి: పాలీబ్యూటడయీన్ రబ్బరు అంటే దానికి అన్నిటికంటే మక్కువ, తరువాత స్టైరీన్ బ్యూటడయీన్, నియోప్రీన్, నైట్రైల్, ఆ వెనుక సహజ రబ్బరు, ఇంకా వెనుక ఈపీడీఎం, అన్నిటికంటే చివర బ్యూటైల్. సిలికా ధ్రువ స్వభావం గల నైట్రైల్ రబ్బరు వైపు మొగ్గుతుంది. కాబట్టి సహజ రబ్బరు, ఈపీడీఎం కలిపిన మిశ్రమంలో కార్బన్ బ్లాక్‌ను నేరుగా వేస్తే అది సహజ రబ్బరులోనే గుమిగూడి, ఎండకు, ఓజోన్‌కు తట్టుకోవడం కోసం చేర్చిన ఈపీడీఎం మెత్తగా, బలహీనంగా మిగిలిపోతుంది. ఈపీడీఎంలో ముందుగా పూరకం కలిపి ఉంచుకుని, తరువాత దాన్ని సహజ రబ్బరుతో కలిపితే ఈ వంకర కొంత సరిదిద్దబడుతుంది. ఒకే చిట్టా ప్రకారం అవే తూకాలతో కలిపిన రెండు ముద్దలు, కలిపిన వరుస వేరైనందువల్ల వేర్వేరు బలాన్నీ వేర్వేరు అరుగుదలనూ చూపుతాయన్నది ఈ రంగంలో అందరికంటే ఎక్కువగా చిన్న కర్మాగారాలు గుర్తుంచుకోవలసిన విషయం. ఎందుకంటే తూకాలు రాసుకునే చిట్టాల్లో వరుసను రాసే అలవాటు తక్కువ.

ఈ కలిపే పని చాలాచోట్ల రెండు రోలర్ల మిల్లు మీదే జరుగుతుంది. ఎదురెదురుగా వేర్వేరు వేగాలతో తిరిగే రెండు ఇనుప రోలర్ల మధ్య రబ్బరు నలిగి మెత్తబడి ముందు రోలరుకు పట్టీలా చుట్టుకుంటుంది. పనివాడు ఆ సందులో పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ, కింద పళ్లెంలో రాలిన దాన్ని మళ్లీ పైకి పోస్తూ, పట్టీని కత్తితో అడ్డంగా కోసి మడిచి తిరిగి సందులోకి పంపుతాడు. పొడినంతా ఒక్కసారి గుమ్మరిస్తే అది మింగుడు పడక పైపొరలో ఉండలు కడుతుంది. రోలర్లు వేడెక్కి రబ్బరు మరీ మెత్తబడితే ఉండలను చిదిమే ఒరిపిడి చాలదు. మొదటి తప్పు కంటికి కనిపిస్తుంది; రెండోది వస్తువు విరిగాకగాని బయటపడదు.

పూరకం ఉడుకుదల మీద కూడా ప్రభావం చూపుతుంది. గంధకపు చర్యను వేగిరపరిచే యాక్సిలరేటర్లు అనే రసాయనాలు క్షార స్వభావంలో చురుగ్గా, ఆమ్ల స్వభావంలో మందంగా ఉంటాయి. సాధారణ ఫర్నేసు కార్బన్ బ్లాక్ ఉడుకుదలను కొంత త్వరపరిస్తే, సిలికా, గట్టి బంకమన్ను యాక్సిలరేటర్లను తమ ఉపరితలం మీదికి లాక్కుని ఆలస్యం చేస్తాయి. అందుకే సిలికా వేసిన ముద్దల్లో డైఇథిలీన్ గ్లైకాల్ వంటి ద్రవాన్ని కొద్దిగా చేర్చి ఆ ఉపరితలాన్ని ముందే కప్పుతారు. మిశ్రమంలోని రెండు రబ్బర్లు వేర్వేరు వేగాలతో ఉడికేవైతే, పూరకం ఒకదానిలోనే పేరుకున్నప్పుడు ఒక భాగం మాడేలోపు మరొకటి పచ్చిగా ఉండిపోయే ప్రమాదముంది. రియోమీటరు అనే పరికరం గీసే ఉడుకుదల గీత ఈ సంగతిని మొత్తం సగటుగానే చూపుతుంది. విడివిడి భాగాల స్థితి చెప్పదు.

సిలికాను రబ్బరుతో కట్టిపడేసే ఉపాయం సైలేన్ అనే జత రసాయనం. దాని ఒక కొస సిలికా మీది హైడ్రాక్సిల్ సమూహాలతో చర్య జరిపి ఆల్కహాలును వదులుతుంది, గంధకం ఉన్న రెండో కొస ఉడికే సమయంలో రబ్బరు గొలుసుకు అతుక్కుంటుంది. మిక్సరులో ముద్ద ఉష్ణోగ్రత 140 నుంచి 155 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిస్తే మొదటి చర్య సాగుతుంది. 160 దాటితే గంధకపు కొస తొందరపడి ముద్ద మిక్సరులోనే గట్టిపడవచ్చు. ఈ రసాయనాన్ని ఆధారం చేసుకునే 1992లో మిషలిన్ కంపెనీ తక్కువ ఇంధనంతో నడిచే టైర్లను తెచ్చింది. సైలేన్ వల్ల సిలికా రేణువుల వల బలహీనపడి, పేన్ చెప్పిన శక్తి నష్టం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చిన్నపాండూరులో మొదలైన అపోలో టైర్ల కర్మాగారం, 2022లో అచ్యుతాపురంలో ప్రారంభమైన యొకొహామా వ్యవసాయ టైర్ల కర్మాగారం, తెలంగాణలోని సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారం వంటివి తెలుగు నేల మీద ఇప్పుడు పూరకాలకు పెద్ద గిరాకీదారులు.

రైసుమిల్లు రోలరు ఈ ప్రాంతపు ముఖ్య ఉదాహరణ. ఎదురెదురుగా తిరిగే రెండు రబ్బరు రోలర్లలో ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతుంది. సన్నని సందులో పడిన వడ్లగింజకు రెండు వైపులా వేర్వేరు లాగుడు తగిలి ఊక ఊడిపోతుంది. రోలరు మెత్తనైతే గింజ దానిలోకి దిగబడి ఒలవదు, గట్టిదైతే బియ్యం నూకవుతుంది. అందువల్ల షోర్-ఏ కొలమానంలో సుమారు 85 నుంచి 90 దాకా ఉండే గట్టిదనం వాడుకలో ఉంది. ఎడతెగక ఆడే రోజుల్లో రోలరు కాగి మెత్తబడుతుంది కాబట్టి చల్లగాలి తగిలే ఏర్పాటు చేస్తారు. వేగంగా తిరిగే రోలరు ముందుగా అరుగుతుంది కనుక మధ్యలో రెండింటి స్థానాలు మారుస్తారు. ఇక్కడ కార్బన్ బ్లాక్ పనికి బాగా వచ్చేదే అయినా, అరిగిన నల్లపొడి బియ్యానికి మరక పెడుతుంది. అందుకే నైట్రైల్, స్టైరీన్ బ్యూటడయీన్ వంటి రబ్బర్లలో సిలికాను ప్రధాన పూరకంగా, గట్టిదనానికి హై స్టైరీన్ రెజిన్ వంటి వాటిని తోడుగా వాడి తెల్లగానో లేత రంగులోనో రోలర్లు తయారుచేస్తారు. వడ్ల ఊక మీద సహజంగా ఉండే సిలికా రోలరును అరగదీసే గరుకు పదార్థం. ఆ ఊకనే తగిన విధంగా కాలిస్తే రోలరుకు బలమిచ్చే పూరకానికి ముడిసరుకు దొరుకుతుంది.

టన్ను వడ్లకు సుమారు రెండు వందల కిలోల ఊక, ఆ ఊక కాలితే నలభై కిలోల మేర బూడిద మిగులుతాయి. ఆ బూడిదలో సిలికా 85 నుంచి 95 శాతం. అంత సిలికా ఉన్నంత మాత్రాన అది బలమిచ్చే పూరకం కాదు. ఊకను ఏడు వందల డిగ్రీలలోపు అదుపులో కాలిస్తే సిలికా స్ఫటికరహితంగా, సన్నని రంధ్రాలతో, చురుకైన ఉపరితలంతో మిగులుతుంది. అంతకు మించిన మంటలో స్ఫటికాలుగా మారి రంధ్రాలు మూసుకుపోయి జడపదార్థమవుతుంది. మిల్లుల బాయిలర్లలో మంట ఆవిరి కోసమే గాని బూడిద నాణ్యత కోసం కాదు. అక్కడి బూడిదలో కాలని బొగ్గు, స్ఫటిక సిలికా కలగలిసి వస్తాయి. స్ఫటిక సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని కూడా తక్కువది కాదు, రబ్బరు మిల్లు దగ్గర నిలబడి పొడి చల్లే మనిషి విషయంలో దీన్ని మరువకూడదు. మలేషియా, బ్రెజిల్ పరిశోధకులు నల్ల బూడిదనూ తెల్ల బూడిదనూ సహజ రబ్బరులో వేసి చేసిన అధ్యయనాల సారాంశం ఏమంటే, జల్లించిన తెల్ల బూడిద మామూలు సుద్దకంటే మెరుగైనా మార్కెట్ సిలికాకు, కార్బన్ బ్లాక్‌కు సాటిరాదు. నల్లబూడిద దాదాపు జడపూరకమే. అయితే బూడిదను కాస్టిక్ సోడాలో ఉడికించి సోడియం సిలికేట్‌గా మార్చి, ఆమ్లంతో తిరిగి అవక్షేపింపజేస్తే గ్రాముకు వంద చదరపు మీటర్లకు పైబడిన సిలికా వస్తుంది. అది ఇసుక నుంచి తీసిన సిలికాతో సమానంగా పనిచేస్తుంది. 2010వ దశకం మధ్యలో గుడ్‌ఇయర్ కంపెనీ ఊకబూడిద సిలికాను టైర్లలోకి తీసుకోవడం ఈ మార్గం ప్రయోగశాల దాటిందనడానికి నిదర్శనం. గుంటూరు, బాపట్ల మిల్లుల బూడిదను ఇటుక బట్టీలకు, పూడికలకు పంపుతున్నంతకాలం ఒక విలువైన పదార్థం చేజారుతున్నట్టే. దాన్ని మరపట్టి నేరుగా రబ్బరులో పోయడం మాత్రం పరిష్కారం కాదు.

దూదిపోగు విషయంలో చిత్రం వేరు. పత్తిగింజ నుంచి పొడవు దూదిని తీశాక గింజకు అంటి మిగిలే నూగు, నూలుమిల్లుల్లో రాలే పొట్టి పోగులు దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజు. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న ఈ పోగులను రబ్బరులో కలిపితే, గోడమన్నులో వరిగడ్డి తొక్కినట్టు, అవి బరువును తమ పొడవునా పంచుకుని ముద్దను బిగిస్తాయి. మూడు మిల్లీమీటర్ల పొడవు, పదిహేను మైక్రాన్ల మందం గల పోగుకు పొడవు మందం నిష్పత్తి రెండు వందలు. వంద నుంచి రెండు వందల నిష్పత్తి ఉన్న పోగులు రబ్బరులో బాగా పనిచేస్తాయని అనుభవం. గాజుపోగు మిల్లులో నలిగి ముక్కలవుతుంది. దూది వంగుతుంది గనుక దాని పొడవు కొంతవరకు నిలుస్తుంది. మిల్లు రోలర్ల సందులోంచి వచ్చేటప్పుడు పోగులన్నీ ఒకే దిశలో వరుసదీరతాయి కాబట్టి ముద్ద ఆ దిశలో బిగువుగా, అడ్డంగా మెత్తగా ఉంటుంది. వి-బెల్టు అడుగు రబ్బరులో పోగులు బెల్టు అడ్డానికి ఉండేలా పేర్చడం వెనుక ఉన్న తర్కం ఇదే: బెల్టు పొడవునా సులువుగా వంగాలి, పక్కల నుంచి నొక్కితే లొంగకూడదు. సహజ రబ్బరులో కొద్దిపాటి పోగు వేస్తే స్ఫటికాలు ఏర్పడే క్రమం చెడి బలం మొదట తగ్గి, ఒక మోతాదు దాటాకే తిరిగి పెరుగుతుంది. స్టైరీన్ బ్యూటడయీన్‌లో మొదటినుంచీ పెరుగుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎస్.కె. డే బృందం 1980ల తొలినాళ్లలో జనపపోగు మీద చేసిన పరిశోధన భారతదేశంలో ఈ శాఖకు గట్టి పునాది వేసింది. సెల్యులోజు నీటిని ఇష్టపడేది, రబ్బరు నూనెను ఇష్టపడేది. రెండింటినీ అతకడానికి రిసార్సినాల్, హెక్సామిథిలీన్ టెట్రమీన్, సిలికా కలిసిన త్రయం ఎన్నాళ్లుగానో వాడుకలో ఉంది. దూది మామూలు గాలిలోనే తన బరువులో సుమారు ఎనిమిదిన్నర శాతం తేమను ఉంచుకుంటుంది. ఆరబెట్టకుండా కలిపితే ఆ తేమ ఉడుకుదలలో ఆవిరై బుడగలు కడుతుంది.

దూదికీ రబ్బరుకూ ఈ మైదానంలో మరో బంధం ఉంది. డబుల్ రోలర్ జిన్నింగు యంత్రంలో గింజ నుంచి దూదిని లాగే రోలరుకు క్రోము తోలు బిళ్లలు కూర్చడం ఆనవాయితీ. అవి ఒరిపిడికి అరిగి, క్రోమియం ఉన్న తోలుపొడి దూదిలోకీ మిల్లు గాలిలోకీ చేరుతుంది. దీనికి బదులుగా నూలుగుడ్డ పొరలను రబ్బరు ముద్దతో అతికి ఉడికించిన, క్రోమియం లేని బిళ్లలతో రోలర్లు చేయడంపై భారతదేశంలో పరిశోధన జరిగింది. ఇక్కడ రబ్బరు సమ్మిశ్రం మీద పడే కోరికలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఉపరితలం దూదిని పట్టుకునేంత గరుకుగా ఉండాలి. కత్తి ఒరిపిడికి త్వరగా అరగకూడదు. వేడెక్కి దూదికి రంగు పట్టకూడదు. పూరకం మరీ గట్టిదైతే రోలరు నున్నబడి పట్టు తప్పుతుంది, పలచనైతే అరుగుతుంది. ఈ తూకాన్ని నిలిపేది గుడ్డ పోగుల కొసలు ఉపరితలం మీద తేలుతూ ఉండటం, వాటి చుట్టూ రబ్బరు సమంగా అరుగుతూ కొత్త కొసలను బయటపెట్టడం. గట్టిదనం ఒక్క అంకెతో ఈ గుణాన్ని పట్టుకోలేరు. ఒరిపిడి గుణకం, అరుగుదల రేటు, దూదిలో చేరే పొడి మూడూ కలిపి కొలవాలి.

రాతిపొడుల గురించి ఇంత దీర్ఘంగా చెప్పనక్కరలేదు. పల్నాడు సున్నపురాయి మరపట్టిన రూపంలో బలమివ్వని పూరకం; చాపలకు, చవక గొట్టాలకు సరిపోతుంది. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన సున్నాన్ని నీటిలో విరిచి బొగ్గుపులుసు వాయువును పంపి అవక్షేపింపజేస్తే మాత్రం మైక్రానులో పదో వంతు కంటే సన్నని రేణువు వస్తుంది. స్టియరిక్ ఆమ్లం పూసిన ఆ పొడి మధ్యరకపు బలాన్నిస్తుంది, లేత రంగు వస్తువులకు ఎంతో అనువైనది. మార్కాపురం పలకరాయి పొడిలో రేణువులు పలచని రేకుల్లా ఉండటం వల్ల బిగువు, గాలిని నిలిపే గుణం కొంత మెరుగవుతాయి, చీలుడుకు ఎదురొడ్డడం అంతగా మెరుగుపడదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పాలిషింగు బురదను ఎండబెట్టి రబ్బరులో వేయాలన్న ఆలోచన సహజమే. ఆ రేణువులు మైక్రాన్లలో, కోసుగా, జడంగా ఉంటాయి కాబట్టి వాటి స్థానం పశువుల కొట్టం చాపలు, నేల పలకల వరకే. బరువు మోసే, వేగంగా తిరిగే వస్తువుల్లో వాటికి చోటు ఇవ్వకూడదు. ఇబ్రహీంపట్నం విద్యుత్కేంద్రపు బూడిద గుండ్రని రేణువుల వల్ల ముద్దను సులువుగా పారేలా చేస్తుంది, బలం పెంచదు. మంగంపేట బెరైటీసు బరువుకూ ఆమ్లాలను తట్టుకోవడానికీ పేరున్నది. ఏ రాతిపొడినైనా వేసే ముందు అందులో రాగి, మాంగనీసు ఎంతున్నాయో చూడటం తప్పనిసరి. ఆ రెండు లోహాలు అతి కొద్దిగా ఉన్నా ఆక్సిజన్‌తో సహజ రబ్బరు చెడిపోయే చర్యను త్వరపరుస్తాయి.

ఈ ప్రాంతానికి ఎండ కూడా ఒక ప్రత్యేక పరీక్ష. వేసవిలో రెంటచింతల ఉష్ణోగ్రత రాష్ట్రంలోనే ముందు వరుసలో నిలుస్తుంది. ఎండలో నిలిచిన ట్రాలీ టైరు పక్కగోడ, చేలో పడి ఉన్న స్ప్రేయర్ గొట్టం వేడికి, అతినీలలోహిత కిరణాలకు, సాగి ఉన్నచోట ఓజోన్‌కు గురవుతాయి. కార్బన్ బ్లాక్ ఆ కిరణాలను పీల్చి కిందిపొరను కాపాడుతుంది. మిరప తోటల్లో బిందుసేద్యపు గొట్టాలు నల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే, రబ్బరుకు బదులు పాలిథీన్ అయినా. సిలికా, సుద్ద ఆ రక్షణ ఇవ్వవు. వాటిని వాడిన లేత రంగు వస్తువులకు ఓజోన్ నిరోధకాలు, లేదా ఈపీడీఎం వాటా తప్పనిసరి, అప్పుడు పూరకం ఏ భాగంలో ఉందన్న పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. పత్తికట్టె పొడి, మిరప తొడిమల పొడి వంటి మొక్కల పూరకాలు ఆరబెట్టి, సన్నగా మరపట్టి, ఉపరితలాన్ని సరిచేశాకే ఈ వాతావరణంలో నిలిచే అవకాశముంటుంది. వర్షాకాలపు తేమకు ఉబ్బడం వాటి ప్రధాన బలహీనత.

ఇటీవలి దశాబ్దాల్లో నానో బంకమన్ను, కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ వంటివి ఐదు పాళ్లలోనే యాభై పాళ్ల కార్బన్ బ్లాక్ చేసే పని కొంతవరకు చేయగలవని చూపే పరిశోధనలు వెల్లువెత్తాయి. రేకులు విడిపోయి సమంగా పరుచుకున్నప్పుడే ఆ మాట నిజం. సాధారణ మిల్లు మీద వాటిని విడదీయడం కష్టం. కార్బన్ బ్లాక్, సిలికా కలిపి వేసే జంట పూరకాల పద్ధతి ఇంతకంటే ఆచరణకు దగ్గరిది. చవక వ్యర్థాలను పూరకాలుగా పరీక్షించే వ్యాసాల్లో తన్యత బలం ఒక్కదాన్నే చూపి ముగించే ధోరణి తరచు కనిపించే లోపం. వ్యర్థపు పొడి ఉపరితల వైశాల్యం, దాని ఆమ్ల క్షార స్వభావం, టొలీన్‌లో ఉబ్బుదల ద్వారా అంచనా కట్టిన అడ్డుబంధాల సాంద్రత, వేడిలో ముదిరించాక మిగిలిన బలం లేకుండా ఆ అంకె దేనికీ ఆధారం కాదు.

గుంటూరు, బాపట్ల ఊకబూడిదను రైసుమిల్లు రోలరులో పరీక్షించాలంటే ఈ వరుస పాటించాలి. అదుపులో కాల్చిన బూడిద, బాయిలరు బూడిద, దాని నుంచి అవక్షేపించిన సిలికా, మార్కెట్ సిలికా నాలుగింటినీ ఒకే నైట్రైల్, స్టైరీన్ బ్యూటడయీన్ మిశ్రమంలో, ఒకే తూకంలో గాక ఒకే ఘనపరిమాణంలో కలపాలి. ఒక జతకు సైలేన్ వేసి, మరో జతకు వేయకుండా చూడాలి. పూరకాన్ని ముందు నైట్రైల్‌లో కలిపినది, ముందు స్టైరీన్ బ్యూటడయీన్‌లో కలిపినది వేరుగా ఉంచాలి. భారత ప్రమాణం ఐ.ఎస్. 3400లోని పరీక్షల తరువాత ప్రతి రకంతో ఒక జత రోలర్లు చేయించి, ఒకే మిల్లులో, ఒకే రకం వడ్ల మీద, అరుగుదల హద్దు చేరేదాకా ఆడించి, ఎన్ని టన్నుల వడ్లు ఒలిచాయి, నూక ఎంత పడింది, రోలరు ఎంత కాగింది అన్నవి ప్రతి షిఫ్టులో రాసిపెట్టాలి.